ఆర్వీ కొనాలా, నెలకో ఊళ్లో అద్దెకుండాలా?

ప్రశ్న: నమస్కారం. మేం టెక్సాస్‌లోని ప్లేనోలో ఇరవై ఏళ్లకు పైగా ఉంటున్నాం. మావారు పోయిన ఏడాది 65 నిండగానే రిటైరయ్యారు. నాకు 63. ఈ డిసెంబర్‌లో నేనూ ఉద్యోగం మానేద్దామనుకుంటున్నాను. ఆయన సిటిజన్, నాది గ్రీన్ కార్డ్. అబ్బాయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్‌లో ఉంటాడు. అమ్మాయి నార్త్ కరొలైనాలో షార్లెట్ దగ్గర. దానికి ఇద్దరు చిన్నపిల్లలు. మా అమ్మకి 88 ఏళ్లు, తెనాలిలో తమ్ముడి దగ్గర ఉంటుంది. ఏటా చలికాలం మూడు నెలలు అక్కడికి వెళ్తాం. మిగతా తొమ్మిది నెలలు అమెరికా అంతా తిరుగుతూ గడపాలని మావారి కోరిక. ఇల్లు అమ్మేసి 32 అడుగుల వాడిన ఆర్వీ (మంచం, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉండే ఇల్లులాంటి బండి) కొందామంటున్నారు. ఒకటి చూసిపెట్టారు కూడా, వచ్చే శనివారం అడ్వాన్స్ ఇద్దామంటున్నారు. నాకు తిరగడం ఇష్టమే కానీ ఆ బండంటే భయం. మోకాళ్ల నొప్పులు, హైవే మీద కారే నడపను. ఎయిర్‌బీఎన్‌బీ లాంటి చోట్ల నెలకో ఊళ్లో ఉందామని నేనంటే, అలా కట్టే అద్దె బూడిదలో పోసిన పన్నీరు అంటారు. ఆయనకి మెడికేర్‌లో (65 నిండినవాళ్లకి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా) ప్రీమియం లేని హెచ్‌ఎంఓ ప్లాన్ ఉంది. ఈ మాట ఎత్తితే చాలు ఇంట్లో టెన్షన్. మా ఇద్దరిలో ఎవరి ఆలోచన సరైనది?
— ఒక సోదరి, ప్లేనో

జవాబు:

అమ్మా, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి ఏడాది నెలవారీ అద్దె ఇళ్లలో ఉండండి. ఆ ఏడాదిలోనే ఒకసారో రెండుసార్లో ఆర్వీని అద్దెకు తీసుకుని, ఒక్కోసారి రెండు వారాలు తిరగండి. ప్లేనో ఇల్లు ఇప్పుడే అమ్మకండి. శనివారం డీలర్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి.

ఎందుకో చెప్పేముందు, మీరు చివర్లో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన విషయం దగ్గరికి రావాలి. మీ ఉత్తరం మొత్తంలో నన్ను నిజంగా కలవరపెట్టింది అదే: మీవారి హెచ్‌ఎంఓ ప్లాన్.

అది మెడికేర్ అడ్వాంటేజ్ ప్లాన్, అంటే మెడికేర్ బదులు ప్రైవేటు కంపెనీ నడిపేది. ఒకే ఊళ్లో ఉండేవాళ్లకి బాగానే పనికొస్తుంది. కానీ హెచ్‌ఎంఓ అంటే దాని డాక్టర్లు, ఆస్పత్రులు మీ కౌంటీ చుట్టుపక్కలే ఉంటారు. వేరే రాష్ట్రంలో ఉన్నప్పుడు ఎమర్జెన్సీకి, వాయిదా వేయలేని అర్జంటు వైద్యానికి డబ్బిస్తారు. షుగర్ చెకప్, గుండె డాక్టర్ దగ్గర ఫాలోఅప్, ఫిజియోథెరపీ లాంటివాటికి మామూలుగా ఇవ్వరు. పైగా వరసగా ఆరు నెలలకు మించి ప్లాన్ పరిధి బయట ఉంటే, ప్రయాణికులకు ప్రత్యేక సదుపాయం ఉన్న ప్లాన్ అయితే తప్ప, అందులోంచి తీసేస్తారు. ఆర్వీలో తిరిగినా, అద్దె ఇళ్లలో ఉన్నా ఈ సమస్య ఒకటే. అందుకే బండి సంగతికన్నా ఇది ముందు తేలాలి.

తిరుగుతూ బతికేవాళ్లకి సరిపడేది ప్రభుత్వమే నేరుగా నడిపే ఒరిజినల్ మెడికేర్. దాన్ని తీసుకునే డాక్టర్ దేశంలో ఎక్కడున్నా వెళ్లొచ్చు. అది కట్టకుండా వదిలే 20 శాతం కోసం మెడిగ్యాప్ పాలసీ, మందులకి విడిగా పార్ట్ డి తీసుకోవాలి. చిక్కంతా మెడిగ్యాప్ దగ్గరే. పార్ట్ బి (మెడికేర్‌లో డాక్టర్ల ఖర్చు చూసే భాగం) మొదలైన ఆరు నెలల్లో అయితే ఆరోగ్యం గురించి ఏమీ అడగకుండా ఇవ్వాల్సిందే. ఆ గడువు దాటితే టెక్సాస్‌లో కంపెనీ మీ మెడికల్ హిస్టరీ అడగొచ్చు, ఎక్కువ ప్రీమియం వేయొచ్చు, ఇవ్వననీ అనొచ్చు. కానీ 65 నిండగానే నేరుగా అడ్వాంటేజ్ ప్లాన్‌లో చేరినవాళ్లకి ఒక వెసులుబాటు ఉంది. చేరిన మొదటి 12 నెలల్లోపు వెనక్కి ఒరిజినల్ మెడికేర్‌కి వచ్చేస్తే మెడిగ్యాప్ ఇవ్వక తప్పదు. మీవారికి 65 నిండింది పోయిన ఏడాదే అన్నారు కదా. ఆయన కార్డు తీసి, ప్లాన్ ఏ తేదీన మొదలైందో ఈ రోజే చూడండి. ఇంకా ఏడాది నిండకపోతే అడ్వాన్స్ మాట పక్కన పెట్టి ముందు ఈ పని చేయండి. టెక్సాస్‌లో హైక్యాప్ అనే ప్రభుత్వ కార్యక్రమం ఉంది. అక్కడి కౌన్సిలర్లు మెడికేర్ సలహాలు ఉచితంగా ఇస్తారు, ఏ కంపెనీ పాలసీనీ అమ్మరు. ముందు వాళ్లతో మాట్లాడండి. ఏడాది దాటిపోయి ఉంటే ఒరిజినల్ మెడికేర్‌కి మారడానికి అక్టోబర్ 15 నుంచి డిసెంబర్ 7 వరకు, మళ్లీ జనవరి నుంచి మార్చి ఆఖరు వరకు వీలుంటుంది. అయితే మెడిగ్యాప్ చేతికొచ్చిందని ఖాయమయ్యాకే పాతది వదలాలి.

ఇక మీ సంగతి. మీకు మెడికేర్ రావడానికి ఇంకా టైముంది. ఉద్యోగం మానేశాక కంపెనీ ఇన్సూరెన్స్‌ని కోబ్రా అనే చట్టం కింద 18 నెలలు కొనసాగించుకోవచ్చు. మామూలుగా 20 మందికన్నా తక్కువ ఉద్యోగులున్న కంపెనీకి ఇది వర్తించదు. ప్రీమియం పూర్తిగా మీరే కట్టాలి, బాగా ఎక్కువే ఉంటుంది. కానీ 18 నెలలన్న లెక్క మీ విషయంలో ముఖ్యం. 63న్నర దాటాక మానేస్తే కోబ్రా అయిపోయేసరికి 65 వచ్చేస్తుంది. డిసెంబర్ నాటికి మీకు 63న్నర నిండకపోతే, మరి కొన్ని నెలలు ఉద్యోగంలో ఉండటం వల్ల వచ్చే నిశ్చింత పెద్దది. ఎవరికి వారు కొనుక్కునే మార్కెట్‌ప్లేస్ ఇన్సూరెన్స్ ప్లాన్లు కూడా ఉన్నాయి కానీ అవీ ఎక్కువగా ఒక రాష్ట్రానికి, ఒక నెట్‌వర్క్‌కి కట్టుబడినవే. కోబ్రా ఉంది కదా అని 65లో మెడికేర్‌కి అప్లై చేయడం మాత్రం ఆలస్యం చేయకండి. అలా చేస్తే పార్ట్ బికి జీవితాంతం పెనాల్టీ పడొచ్చు.

ఇప్పుడు ఆర్వీ మాట. మీవారి కోరికని నేను కొట్టిపారేయడం లేదు. అందులో నిజమైన ఆనందం ఉంది. రాత్రి మన మంచం మీద, మన దుప్పటి కప్పుకుని పడుకుని, పొద్దున తలుపు తీస్తే ఎదురుగా కొండలు. ఊరు మారినప్పుడల్లా పెట్టెలు సర్దక్కర్లేదు. నేషనల్ పార్కుల దగ్గర హోటల్‌కి, అద్దె ఇంటికి చెప్పే రేట్లు చూస్తే కళ్లు తిరుగుతాయి. అదే పార్కు లోపలి క్యాంప్‌గ్రౌండ్ చాలా చవక. 62 దాటినవాళ్లకి 80 డాలర్లకే జీవితాంతం పనిచేసే సీనియర్ పాస్ ఇస్తారు. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లకీ ఇస్తారు కాబట్టి మీరిద్దరూ అర్హులే. ఒకరి దగ్గరున్నా బండిలో అందరికీ ప్రవేశం దొరుకుతుంది. చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో ఆ పాస్‌తో సగం అద్దెకే చోటిస్తారు. అద్దె ఇళ్లలో ఉన్నా సరే, ఆ పాస్ మాత్రం వెంటనే తీసుకోండి.

కానీ మీ జీవితం ఎలా ఉందో చూస్తే ఆర్వీ లాభాల్లో చాలావరకు మీకు అందవు. ఆర్వీలో ఏడాదంతా ఉండేవాళ్లు ఖర్చు తగ్గించుకునేది చలికాలంలోనే. అరిజోనాలో క్వార్ట్‌సైట్ చుట్టూ ఉన్న ప్రభుత్వ ఎడారి భూముల్లో సెప్టెంబర్ 15 నుంచి ఏప్రిల్ 15 వరకు ఉండటానికి సీజన్ మొత్తానికి తీసుకునేది 180 డాలర్లే. ఉత్తరాది రాష్ట్రాల నుంచి వేలాదిమంది పెద్దవాళ్లు అక్కడికి చేరతారు. మీరు సరిగ్గా ఆ నెలల్లోనే తెనాలిలో ఉంటారు. మీ బండి మాత్రం టెక్సాస్‌లో ఏదో స్టోరేజీలో అద్దె కడుతూ నిలబడి ఉంటుంది. 2021 ఫిబ్రవరిలో మీ ఊళ్లో ఎంత గడ్డకట్టిందో గుర్తుండే ఉంటుంది. గొట్టాల్లోంచి నీళ్లన్నీ తీసేసి, యాంటీఫ్రీజ్ పోసి వెళ్లకపోతే అలాంటి ఒక్క రాత్రి చాలు పైపులన్నీ పగలడానికి. తిరిగొచ్చాక మీరు తిరగబోయేది వసంతం, వేసవి. అప్పుడు క్యాంప్‌గ్రౌండ్లు నెలల ముందే నిండిపోతాయి, రేట్లూ ఎక్కువే.

అమ్మ సంగతీ ఆలోచించండి. 88 ఏళ్లావిడ. ఏ అర్ధరాత్రో తమ్ముడు ఫోన్ చేస్తే మర్నాడే విమానం ఎక్కాల్సి రావచ్చు. అద్దె ఇంట్లో ఉంటే తాళం ఇచ్చేసి బయల్దేరతారు, మహా అయితే ఆ నెల అద్దె పోతుంది. మాంటానాలో ఏదో క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటే ముందు ఆ బండిని ఎక్కడ పెట్టాలో వెతుక్కోవాలి.

పిల్లల దగ్గర ఉండటానికి బండి పనికొస్తుందని మీవారు అనుకుంటున్నారేమో. అబ్బాయి, అమ్మాయి ఉండేది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీల్లో అయితే ఇంటి ముందు ఆర్వీ నిలపనివ్వరు. సామాన్లు దించుకోవడానికి ఒకటి రెండు రోజులు ఒప్పుకుంటే అదే గొప్ప. ఫ్రీమాంట్ చుట్టుపక్కల ఆర్వీ పార్కులు తక్కువ, ఉన్నవాటిలో చోటు దొరకడం కష్టం. దూరాలు కూడా చూడండి. ప్లేనో నుంచి ఫ్రీమాంట్ సుమారు 1,700 మైళ్లు, షార్లెట్ వెయ్యికి పైగా. ఆర్వీ వాళ్లలో బాగా వాడుకలో ఉన్న 3-3-3 సూత్రం ఒకటుంది: రోజుకి 300 మైళ్లు దాటకూడదు, మధ్యాహ్నం 3 గంటలకల్లా చేరిపోవాలి, చేరినచోట 3 రాత్రులు ఉండాలి. అనుభవం మీద పుట్టిన మంచి సూత్రం. ఆ లెక్కన అబ్బాయి దగ్గర నుంచి అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి నెల దాకా పడుతుంది. ఆగకుండా వెళ్లినా తొమ్మిది రోజుల డ్రైవింగ్, అంతా ఒక్క మనిషి మీదే.

నా అసలు అభ్యంతరం ఇదే. 32 అడుగుల బండిని నడపగలిగేది మీ ఇద్దరిలో ఒక్కరే. ఆయన వయసు 66కి చేరుతోంది. శుక్లాలు రావచ్చు, నడుం పట్టేయొచ్చు, ఒక ఆపరేషన్ తర్వాత ఆరు వారాలు స్టీరింగ్ పట్టుకోవద్దని డాక్టర్ చెప్పొచ్చు. ఇల్లే బండి అయినప్పుడు, దాన్ని కదిలించగలిగే మనిషి మంచాన పడితే రెండో మనిషి ఎక్కడుంటే అక్కడే ఇరుక్కుపోతుంది. నడపడమొక్కటే కాదు. నీళ్ల గొట్టం, కరెంటు తీగ తగిలించాలి. బండిని సమంగా నిలబెట్టాలి. వాడిన నీళ్ల ట్యాంకు, మరుగుదొడ్డి ట్యాంకు రెండూ కొన్ని రోజులకోసారి డంప్ స్టేషన్‌లో ఖాళీ చేయాలి. ఆ ట్యాంకుల పని కష్టమేం కాదు, చేతులకి గ్లవ్స్ వేసుకుని పావుగంటలో చేసేయొచ్చు. కానీ మీకు మనసొప్పుతుందా, మీ మోకాళ్లు వంగనిస్తాయా అన్నది మీరే చూసుకోవాలి. మీవారు యూట్యూబ్‌లో చూసిన వీడియోల్లో ఈ పనులు ఐదు నిమిషాల్లో అయిపోతాయి. వానలో, చీకట్లో, అలసిపోయి వచ్చాక ఎలా ఉంటుందో అవి చూపించవు.

వంటిల్లు గురించి మీరు అడగలేదు. కానీ రోజుకి రెండుపూటలా అన్నం కూర వండుకునేవాళ్లకి అదే సగం జీవితం కాబట్టి చెబుతున్నా. చాలా క్యాంప్‌గ్రౌండ్లలో దొరికేది 30 యాంపుల కనెక్షన్, అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా ఇన్‌స్టంట్ పాట్‌లో పప్పు పెట్టి, మైక్రోవేవ్ కూడా ఆన్ చేశారంటే బ్రేకర్ పడిపోతుంది. పిండి రుబ్బాలంటే ఏసీ ఆపుకోవాల్సి రావచ్చు. తాలింపు వాసన పరుపులకీ తెరలకీ పట్టేస్తుంది, అందుకే ఘాటైన వంటలు బయట చిన్న గ్యాస్ పొయ్యి మీద చేసుకుంటారు. అద్దె ఇళ్లలోనూ ఇబ్బంది లేకపోలేదు. చాలా అపార్ట్‌మెంట్లలో పొయ్యి పైన ఉండే ఫ్యాన్ పొగని బయటికి పంపదు, వడకట్టి మళ్లీ గదిలోకే వదులుతుంది. ఎండుమిర్చి వేగగానే స్మోక్ అలారం మోగుతుంది. ఇంటివాళ్లు వాసన వచ్చిందని అదనపు క్లీనింగ్ ఛార్జీ వేసిన సందర్భాలూ ఉన్నాయి. బుక్ చేసేముందే మెసేజ్‌లో రాసి అడగండి: మేం రోజూ భారతీయ వంట వండుకుంటాం, మీకు అభ్యంతరమా? పొయ్యి మీది ఫ్యాన్ పొగని బయటికి పంపుతుందా? జవాబు రాతలో ఉంటే తర్వాత గొడవ ఉండదు. దీపం కూడా అంతే. మంట వెలిగించకూడదని చాలా ఇళ్ల నియమాల్లో ఉంటుంది. ఆర్వీలో అయితే పక్కనే గ్యాస్, చుట్టూ చెక్క, గుడ్డ. ఎక్కడున్నా ఒక చిన్న ఎలక్ట్రిక్ దీపం వెంట పెట్టుకోండి.

ఇప్పుడు డబ్బు. మీవారి ప్రధానమైన వాదన అదే కాబట్టి ఆయన ముందు ఈ లెక్క పెట్టండి. తొమ్మిది నెలలంటే సుమారు 270 రాత్రులు. క్యాంప్‌గ్రౌండ్ సగటున 50 డాలర్లనుకుంటే 13,500. ఏడాదిలో 8,000 మైళ్లు తిరిగితే, గ్యాలన్‌కి 8 మైళ్లిచ్చే ఆ బండికి వెయ్యి గ్యాలన్లు కావాలి. గ్యాలన్ మూడున్నర డాలర్లయినా 3,500. ఇన్సూరెన్స్, స్టోరేజీ, రిపేర్లు, టైర్లు కలిపి ఐదారు వేలు పక్కన పెట్టాలి. టైర్లయితే అరగకపోయినా ఆరేడేళ్లకి మార్చాల్సిందే, ఎండకి లోపల్నుంచి పాడవుతాయి. ఆపైన బండి విలువ ఏటా పడిపోతూనే ఉంటుంది. వాడినదైనా ఏడాదికి ఏడెనిమిది వేలు తగ్గుతుందనుకోండి. మొత్తం 30,000 దాకా అయింది. మార్కెట్‌కి వెళ్లిరావడానికి వెనక కారు కట్టుకుని తీసుకెళ్తారు కాబట్టి దాని ఖర్చు వేరు. అద్దె ఇళ్లయితే ఒక బెడ్‌రూమ్, సామాను, కరెంటు అన్నీ కలిపి ఊరినిబట్టి నెలకి 2,000 నుంచి 4,500 వరకు ఉండొచ్చు. సగటున 3,200 వేసుకున్నా తొమ్మిది నెలలకి 28,800. అంకెలు మీ ఊళ్లనుబట్టి అటూ ఇటూ అవుతాయి. అయినా చూశారా, రెండూ ఇంచుమించు ఒకటే. అద్దె డబ్బు తిరిగి రాదన్నది నిజమే. క్యాంప్‌గ్రౌండ్‌కి కట్టింది, పెట్రోల్‌కి పోసింది, బండి విలువలో కరిగిపోయింది కూడా తిరిగి రావు. ఆర్వీ పాడై షాపులో చేరితే విడిభాగాల కోసం వారాల తరబడి ఆగాల్సి వస్తుంది. అన్నాళ్లూ ఇల్లు షాపులో, మీరు హోటల్లో.

అద్దె ఇళ్లు వెతికేటప్పుడు కొన్ని చూసుకోవాలి. రోజుల లెక్కన తీసుకుంటే జేబు ఖాళీ అవుతుంది. నెలవారీగానే తీసుకోండి. ఎయిర్‌బీఎన్‌బీలో 28 రాత్రులు దాటితే చాలామంది నెలవారీ తగ్గింపు ఇస్తారు, కానీ క్యాన్సిలేషన్ నియమాలు కఠినంగా మారతాయి, అవి చదవండి. ఫర్నిష్డ్ ఫైండర్ అనే సైట్ ఊరూరా తిరిగి పనిచేసే నర్సుల కోసం వచ్చింది. అందులో నేరుగా ఇంటివాళ్లతో మాట్లాడుకోవచ్చు, ఆస్పత్రులకి దగ్గర్లో ఇళ్లు దొరుకుతాయి. మీకు అదీ మేలే. ఏ సైట్ అయినా ఇల్లు ఎవరితోనైనా వీడియోలో చూపించుకోకుండా డబ్బు పంపకండి, లీజు కాగితం లేకుండా అసలు పంపకండి. టెక్సాస్, కాలిఫోర్నియాల్లో 30 రోజులు నిండితే హోటల్ పన్ను పడదు. నార్త్ కరొలైనాలో 90 రోజులుంటేనే ఆ మినహాయింపు, ఫ్లోరిడాలో అయితే ఆరు నెలలు దాటాలి. కాబట్టి అమ్మాయి దగ్గర ఒక నెల ఉందామనుకుంటే మూడు నెలలకి లెక్క వేసి చూడండి. మీ మోకాళ్ల దృష్ట్యా కింది అంతస్తు, మెట్టు ఎక్కకుండా అడుగుపెట్టే షవర్, ఇంట్లోనే వాషింగ్ మెషీన్ ఉండాలి. ఫొటోల్లో మెట్లు కనబడవు.

అమ్మాయి ఇంట్లో గెస్ట్ రూమ్ ఉందిగా అని మీవారు అంటారు. వారమో పది రోజులో అయితే ఉండండి. మూడు నెలలైతే పది నిమిషాల దూరంలో మీకంటూ ఒక ఇల్లు తీసుకోండి. మనవల్ని స్కూల్ నుంచి తెచ్చుకుంటారు, సాయంత్రం అన్నం పెడతారు, తర్వాత మీ ఇంటికి మీరు వెళ్లి మీ టైముకి పడుకుంటారు. అల్లుడికీ ఊపిరాడుతుంది, మీకూ ఊపిరాడుతుంది. నెలవారీ అద్దె ఇళ్లలో నాకు అన్నిటికన్నా నచ్చేది ఇదే. పిల్లలకి దగ్గరగా, అయినా మన గడప మనకి ఉంటుంది. 32 అడుగుల బండి మీకు ఇవ్వలేనిది అదే.

ఇల్లు ఎందుకు అమ్మొద్దంటున్నానో కూడా చెప్పాలి. గత ఐదేళ్లలో రెండేళ్లు సొంతదారులుగా నివసించిన ఇల్లు అమ్మితే, భార్యాభర్తలు కలిసి పన్ను కట్టేటప్పుడు 5,00,000 డాలర్ల లాభం దాకా క్యాపిటల్ గెయిన్స్ పడదు. అంటే ఖాళీ చేసిన రోజు నుంచి ఇంచుమించు మూడేళ్ల వ్యవధి చేతిలో ఉంటుంది. ఆలోగా అద్దెకిచ్చి, ఈ తిరుగుడు మీకు పడుతుందో లేదో చూసుకుని, పడితే అమ్మండి. లేదంటే తాళం తీసుకుని మళ్లీ ఇంట్లోకి వచ్చేయండి. అద్దెకిచ్చిన కాలానికి డిప్రిసియేషన్ మీద కొంత పన్ను తర్వాత కట్టాల్సి వస్తుంది. ఇంకో చిక్కుంది. మొత్తం ఇల్లు అద్దెకిస్తే టెక్సాస్ హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతింట్లో ఉండేవాళ్లకి ఆస్తిపన్నులో ఇచ్చే తగ్గింపు), 65 దాటినవాళ్లకి స్కూల్ పన్ను పెరగకుండా ఆపే పరిమితి రెండూ పోయే అవకాశముంది. కాబట్టి సంతకం చేసేముందు మీ కౌంటీ అప్రైజల్ డిస్ట్రిక్ట్‌ని అడగండి. అద్దెకివ్వకుండా తాళం వేసి వెళ్దామనుకుంటే, ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే మీ హోమ్ ఇన్సూరెన్స్ ఏమంటుందో పాలసీలో చూడండి.

ఇల్లు అమ్మకపోతే ఇంకో మేలుంది, అది మీకోసం. గ్రీన్ కార్డ్ ఉన్నవాళ్లు చిరునామా మారితే 10 రోజుల్లో ఏఆర్-11 ఫారంతో ఇమిగ్రేషన్ శాఖకి తెలియజేయాలి. స్థిరమైన ఇల్లంటూ లేకుండా నెలనెలా మారుతూ ఉంటే ఈ నియమం మీ వెంటే ఉంటుంది. మీవారికి అది లేదు కాబట్టి ఆయనకి తట్టకపోవచ్చు. బ్యాంకులు, డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసు కూడా మెయిల్‌బాక్స్ అద్దెకిచ్చే చోటి చిరునామాని నివాసంగా ఒప్పుకోవడానికి మొరాయిస్తుంటాయి. ఏడాదంతా ఆర్వీలో ఉండేవాళ్లు చాలామంది సౌత్ డకోటా, ఫ్లోరిడా, టెక్సాస్‌లలో చిరునామా పెట్టుకునేది రాష్ట్ర ఆదాయపన్ను లేదనే. మీరు ఎలాగూ టెక్సాస్‌లోనే ఉన్నారు, మార్చుకోవాల్సిన పనే లేదు. తెనాలి ప్రయాణాలు ఆరు నెలల లోపే ఉండేలా చూసుకోండి. ఎప్పుడైనా సిటిజన్‌షిప్‌కి అప్లై చేయాలనిపిస్తే అది అడ్డు రాకూడదు. ఈ విషయాలు ఒక ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒక్కసారి గంటసేపు మాట్లాడితే తేలిపోతాయి.

తెనాలిలో ఉన్నప్పుడు మెడికేర్ ఏమీ ఇవ్వదని కూడా గుర్తుంచుకోండి. మెడిగ్యాప్ ప్లాన్ జి లాంటివాటిలో విదేశీ ఎమర్జెన్సీకి 250 డాలర్ల తర్వాత 80 శాతం ఇస్తారు, జీవితం మొత్తానికి 50,000 డాలర్ల దాకా. అయితే అది ప్రయాణంలో మొదటి 60 రోజులకే. మీరుండేది మూడు నెలలు. మిగిలిన రోజులకి ట్రావెల్ మెడికల్ ఇన్సూరెన్స్ తీసుకోండి, ఇద్దరికీ.

ఇక మీవారితో ఎలా మాట్లాడాలి. 'వద్దు' అనకండి. 'అద్దెకు తీసుకుని చూద్దాం' అనండి. ఏప్రిల్‌లోనో అక్టోబర్‌లోనో 25 అడుగుల క్లాస్ సి బండి (వ్యాన్ ముందుభాగం మీద కట్టిన ఆర్వీ) రెండు వారాలకి తీసుకోండి. రోజు అద్దెతోపాటు మైళ్లకీ జెనరేటర్‌కీ విడిగా కట్టాలి, ముందే లెక్క అడగండి. మీ ఊరి నుంచి అమరిల్లో దగ్గరి పాలో డ్యూరో లోయ, అక్కడ్నుంచి శాంటా ఫే, ఆపైన కొలరాడోలో మేసా వెర్డే. మంచి దారి, చూడాల్సినవి చాలా ఉన్నాయి. ఆ రెండు వారాల్లో మీరు చేయాల్సినవి కూడా ఉన్నాయి. ఖాళీ పార్కింగ్ లాట్‌లో అరగంట ఆ బండిని మీరు నడపండి. ఒక్కసారి ట్యాంకులు మీరు ఖాళీ చేయండి. రోజూ మీరు వండేదే అందులో వండండి. రాత్రి బాత్రూమ్‌కి లేచి వెళ్లడం మీ మోకాళ్లకి ఎలా ఉందో గమనించండి. మీ భయం కొంత తగ్గొచ్చు, ఆయన ఉత్సాహమూ కొంత తగ్గొచ్చు. ఏది జరిగినా ఇద్దరూ చూసిందాని గురించి మాట్లాడుకుంటారు, ఊహల గురించి కాదు.

ఏడాది తర్వాత ఇద్దరికీ ఆర్వీయే నచ్చితే సంతోషంగా కొనుక్కోండి. అప్పుడు కూడా 32 అడుగులు కాదు, మీరూ నడపగలిగేంత చిన్నది. పాత క్యాంప్‌గ్రౌండ్లు చాలావాటిలో పెద్ద బండికి చోటుండదు. గ్లేషియర్ పార్కులో పేరున్న గోయింగ్-టు-ద-సన్ రోడ్డు మధ్యభాగంలోకైతే 21 అడుగులు దాటినదాన్ని అసలు పోనివ్వరు. వాడిన బండయితే డీలర్ మాట మీద కాకుండా, మీరు డబ్బిచ్చి పెట్టుకున్న స్వతంత్ర ఆర్వీ ఇన్‌స్పెక్టర్‌తో చూపించండి. పైకప్పు అతుకులు, నీళ్లు దిగి మెత్తబడిన నేల, స్లైడ్ల (పక్కకి జరిపి గదిని పెద్దది చేసుకునే భాగాల) అంచులు, గ్యాస్ లీకేజీ ఇవన్నీ ఆయన చూడాలి. టైర్ పక్కన డాట్ (DOT) అన్న అక్షరాల తర్వాత వచ్చే వరస చివర నాలుగంకెలుంటాయి, అవి తయారైన వారం, సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో 23వ వారం అన్నమాట. శనివారం డీలర్ దగ్గరికి ఎలాగూ వెళ్తారు కదా, ఆ అంకెలు మాత్రం మీరే వంగకుండా ఫోన్‌తో ఫొటో తీసి చదవండి.